సంస్కరణ దీక్షాపరుడు వీరేశలింగం

పాఠ్యభాగ ఉద్దేశం: చట్టం ఇచ్చిన హక్కు సమాజంలో అమలు కావాలంటే దానిని ఆచరించి చూపే మనుషులు కావాలి. అటువంటి ఆచరణకు పూనుకొన్న ఒక దంపతుల జీవితాన్ని, వారికి అండగా నిలిచిన ఒక పట్టణపు యువకుల ధైర్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

కోనసీమలో గౌతమీ గోదావరి తీరాన ఆత్రేయపురం మండలంలో వాడపల్లి అనే గ్రామం ఉంది. వేంకటేశ్వరస్వామి క్షేత్రంగా ఆ ఊరు ప్రసిద్ధి చెందింది. 1931 మార్చి 30వ తేదీన అక్కడ స్వామివారి రథోత్సవం జరుగుతున్నది. రథంపై గాంధీజీ చిత్రపటం ఉండడానికి పోలీసులు అభ్యంతరం చెప్పారు. భక్తులు వెనుదీయలేదు. ఆనాటి కాల్పులలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. పరాయి పాలకుల తుపాకులకు ఎదురు నిలిచిన గ్రామంగా వాడపల్లి స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో స్థానం పొందింది.

అంతకు సుమారు యాభై సంవత్సరాలకు పూర్వం, అదే నదికి ఎగువన ఉన్న రాజమహేంద్రవరంలో మరొక విధమైన పోరాటం జరిగింది. అందులో తుపాకులు లేవు. ఎదిరించవలసినవారు పరాయివారు కూడా కారు. బంధువులు, ఇరుగుపొరుగువారు, ఆచారం పేరిట తీర్పులు చెప్పే పెద్దలు, వీరే ప్రత్యర్థులు. పరాయివానిని ఎదిరించేవానికి ఊరు తోడుగా ఉంటుంది. సొంత సంఘంలోని అన్యాయాన్ని ఎదిరించేవాడు తన ఊరిలోనే ఒంటరివాడవుతాడు. ఆ ఒంటరితనానికి సిద్ధపడి నిలిచిన మహనీయుడు కందుకూరి వీరేశలింగం పంతులు.

వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేళ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయిన ఆయనను పెదతండ్రి వెంకటరత్నం గారు పెంచి పెద్దచేశారు. చిన్ననాటి నుండి ఆయనను అనారోగ్యం పీడించింది. అయినా చదువుపై ఆసక్తి తగ్గలేదు. పదమూడేళ్ల వయస్సులో బాపమ్మ అనే బాలికతో ఆయనకు వివాహమైంది. ఆమెయే తరువాతి కాలంలో రాజ్యలక్ష్మమ్మగా తెలుగునాట ప్రఖ్యాతి పొందారు. బాల్యవివాహాలను ఖండించిన సంస్కర్త తాను స్వయంగా ఆ ఆచారం నీడలో పెరిగినవాడేనన్నది గమనించదగిన విషయం.

ఆయన పుట్టిన కాలం గోదావరి మండలం మారుతున్న కాలం. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852 నాటికి పూర్తయింది. కాలువల వెంట సేద్యం పెరిగింది. కచేరీలు, న్యాయస్థానాలు, పాఠశాలలు వచ్చాయి. ఇంగ్లీషు చదువుకొన్న కొత్త తరం ఒకటి తయారైంది. అయితే బయటి జీవితం మారినంత వేగంగా ఇంటి లోపలి ఆచారాలు మారలేదు. డబ్బు తీసుకొని పసిబాలికలను ముసలివారికి కట్టబెట్టే కన్యాశుల్కం కొనసాగుతూనే ఉండేది. ఆ ముసలి భర్త మరణిస్తే, లోకమంటే ఏమిటో తెలియని పసిపిల్లకు శిరోముండనం, ఒంటిపూట భోజనం, జీవితాంతం నాలుగు గోడల మధ్య చాకిరీ తప్పేవి కావు. శుభకార్యాలకు ఆమె ఎదురురావడమే అశుభంగా భావించేవారు.

విద్యార్థిగా ఉన్న రోజులలోనే కేశవచంద్ర సేన్ రచనలు చదివిన వీరేశలింగం గారిలో ప్రశ్నించే బుద్ధి మేల్కొన్నది. కోరంగిలోను, ధవళేశ్వరంలోను ఉపాధ్యాయుడుగా పనిచేసిన కాలంలో ఆ బుద్ధి కార్యరూపం ధరించింది. 1874లో ఆయన ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించారు. ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే అనర్థమని పండితులు సైతం నమ్మిన కాలమది. స్త్రీ విద్యను వ్యతిరేకించిన కొక్కొండ వెంకటరత్నం పంతులు గారితో పత్రికాముఖంగా ఆయన వాదప్రతివాదాలు జరిపారు. ఆ సంవత్సరమే వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు.

వివేకవర్ధని కేవలం సాహిత్య పత్రిక కాదు. ఊరిలో జరిగే అన్యాయాలను ఊరివారికి చూపిన అద్దం. కచేరీలలో లంచాలు పుచ్చుకొనే ఉద్యోగులు, కక్షిదారులను పీడించే వకీళ్లు, వేశ్యల పోషణను గౌరవంగా భావించే పెద్దమనుషులు, వీరందరూ ఆ పత్రిక పేరు వింటే ఉలికిపడేవారు. బ్రాహ్మవివాహం అనే ప్రహసనంలో ఆయన ముసలివారి పెళ్లిళ్లను ఎగతాళి చేశారు. వ్యవహార ధర్మబోధినిలో న్యాయస్థానాల అక్రమాలను బయటపెట్టారు. పామరులకు సైతం తెలిసే భాషలో వ్రాయడం వలన ఈ రచనలు పండితుల అరుగులు దాటి సామాన్యుల చెవులకు చేరాయి.

వితంతువుల సమస్య మాత్రం రచనలతో తీరేది కాదు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి ఫలితంగా 1856లోనే వితంతు పునర్వివాహాన్ని చట్టం అంగీకరించింది. కాని ఇరవై అయిదేళ్లు గడిచినా తెలుగునాట ఆ చట్టం కాగితం మీదనే మిగిలింది. చట్టం అనుమతించినా పురోహితుడు మంత్రం చెప్పడు. బంధువులు గడప తొక్కరు. పీఠాధిపతులు వెలి వేస్తారు. ఆ రోజులలో వెలి అంటే మాట కాదు. వెలిపడిన ఇంటివారికి నిప్పు, నీరు కూడా దొరకవు. ఇంట శుభం జరిగినా, అశుభం జరిగినా పిలిస్తే పలికేవారుండరు. చట్టం చేతిలో లేని ఈ శిక్షకు భయపడి, మనస్సులో సంస్కరణను మెచ్చుకొనేవారు కూడా మౌనం వహించేవారు.

1876లో రాజమహేంద్రవరంలో తెలుగు పండితుడుగా చేరిన వీరేశలింగం గారు, 1878లో మిత్రులతో కలిసి సంఘ సంస్కరణ సమాజాన్ని నెలకొల్పారు. బసవరాజు గవర్రాజు వంటి మిత్రులు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. 1879లో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని నిరూపిస్తూ ఆయన బహిరంగంగా ఉపన్యసించారు. పండితులు శాస్త్రాలతో ఎదిరించగా ఆయన శాస్త్రాలతోనే సమాధానం చెప్పారు. వాదంలో గెలవడం ఆయనకు కష్టం కాలేదు. కాని వాదంలో గెలిచినంత మాత్రాన ఒక్క వితంతువు జీవితమైనా మారలేదు. వివాహానికి సిద్ధపడే వధూవరులు కావాలి. ఖర్చులకు ధనం కావాలి. తరువాత రాబోయే కష్టాలను భరించే ధైర్యం కావాలి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు వేలకొలది రూపాయలు విరాళంగా ఇచ్చి ధనం కొరతను తీర్చారు.

1881 డిసెంబర్ 11వ తేదీన రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారి ఇంట తొలి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ. ఆమె కృష్ణా మండలానికి చెందిన బాలవితంతువు. వయస్సు పన్నెండేళ్లు. ముందుగా తెలిస్తే బంధువులు అడ్డుకొంటారన్న భయంతో ఆమెను రహస్యంగా రాజమహేంద్రవరానికి తీసుకురావలసి వచ్చింది. వార్త బయటపడగానే పట్టణం అట్టుడికినట్లు ఉడికిపోయింది. వివాహాన్ని చెడగొట్టాలని కొందరు ప్రయత్నించారు. అప్పుడు వీరేశలింగం గారి శిష్యులైన కళాశాల విద్యార్థులు ఆ ఇంటికి కాపలాగా నిలిచారు. వారి వెనుక కూడా కుటుంబాలున్నాయి; తమకూ వెలి తప్పదని వారికి తెలుసు. మీ వయస్సు వారే, లేదా మీకంటే రెండు మూడేళ్లు పెద్దవారైన ఆ యువకులు లేకపోతే ఆ పెళ్లి పందిరి నిలిచేది కాదు. నాలుగు రోజులకే, డిసెంబర్ 15వ తేదీన, రెండవ వివాహం కూడా జరిగింది.

అసలైన పరీక్ష ఆ తరువాత మొదలైంది. వివాహానికి వచ్చినవారికి, భోజనం చేసినవారికి కూడా వెలి తప్పలేదు. కొందరు మిత్రులు ఒత్తిడికి తట్టుకోలేక ప్రాయశ్చిత్తం చేయించుకొని వెనుదిరిగారు. వంటవారు మానుకొన్నారు. నీళ్లు తెచ్చేవారు మానుకొన్నారు. పురోహితులు మొగం చాటేశారు. అటువంటి సమయంలో ఉద్యమ భారం వంటింటి మీద పడింది. రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొని వచ్చారు. పెళ్లివారికి, అతిథులకు తానే వండి వడ్డించారు. భర్తను విడిచి రమ్మని బంధువులు ఎంత చెప్పినా ఆమె వినలేదు. పుట్టింటి ఆశ్రయం కోల్పోయి వచ్చిన బాలికలకు ఆమె తల్లి అయింది. వీరేశలింగం దంపతులకు సంతానం లేదు. ఆ ఇంట పెరిగిన అనాథలు, వితంతువులే వారికి బిడ్డలు. వేదికపై ఉపన్యాసం ఇచ్చినవారి పేరు చరిత్రలో ముందుగా నిలుస్తుంది. ఆ ఉపన్యాసాన్ని నిజం చేయడానికి బిందె ఎత్తుకొన్న ఇల్లాలి పేరును కూడా మనం అంతే గౌరవంతో తలచుకోవాలి.

ఆ తరువాత వివాహాలు ఒకటొకటిగా జరిగాయి. వీరేశలింగం గారి జీవితకాలంలో ఆయన పూనికపై సుమారు నలభై వితంతు వివాహాలు జరిగాయని చెబుతారు. ప్రతి వివాహమూ సుఖాంతం కాలేదు. ధనంపై ఆశతో ముందుకు వచ్చిన వరులు కొందరున్నారు. సహాయం పొంది తరువాత నిందించినవారూ ఉన్నారు. ఈ చేదు అనుభవాలను ఆయన తన స్వీయచరిత్రలో దాచకుండా వ్రాశారు. తన ఉద్యమం లోపాలను తానే లోకానికి తెలిపిన ఆ నిజాయితీ ఆయన వ్యక్తిత్వానికి గీటురాయి.

సాహిత్యంలోనూ ఆయన మార్గదర్శి. 1880లో పుస్తకరూపం పొందిన రాజశేఖర చరిత్రము తెలుగు నవలకు బాట వేసింది. స్త్రీల కోసం సతీహితబోధిని పత్రికను నడిపారు. ఆంధ్ర కవుల చరిత్రమును రచించారు. 1893లో ప్రభుత్వం ఆయనకు రావుబహద్దూర్ బిరుదును ఇచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన సాంఘిక మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. 1899 నుండి 1904 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా పనిచేశారు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన యావదాస్తిని ఆ సమాజానికి అర్పించారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు కన్నుమూశారు. 1919 మే 27వ తేదీన వీరేశలింగం గారు మద్రాసులో తుదిశ్వాస విడిచారు.

ఆయన కృషికి గల పరిమితులను కూడా మనం తెలుసుకోవాలి. వితంతు వివాహ నిషేధం ముఖ్యంగా అగ్రవర్ణాల కుటుంబాలను పీడించిన సమస్య. శ్రమజీవులైన అనేక కులాలలో మారుమనువు ఆచారం అప్పటికే ఉంది. అంటరానితనమనే మరింత లోతైన గాయంపై పోరాడే బాధ్యత తరువాతి తరాల మీద పడింది. 1920లలో అదే రాజమహేంద్రవరం నుండి కుసుమ ధర్మన్న, పరాయి దొరతనంతో పాటు ఇంటిలోని నల్లదొరతనాన్ని కూడా నిలదీస్తూ గొంతెత్తారు. ఊరివారి కోపానికి జంకకుండా ఊరి అన్యాయాన్ని ప్రశ్నించవచ్చునని వీరేశలింగం గారు చూపిన దారి ఆ పట్టణంలో అప్పటికే ఉంది. ఆయన దానిని ఎంతవరకు వేశారో అంతటితో ఆగక, తరువాతివారు మరికొంత ముందుకు తీసుకువెళ్లారు.

వాడపల్లిలో ప్రాణాలు అర్పించినవారి త్యాగం ఒక్క రోజులో లోకానికి తెలిసింది. వీరేశలింగం దంపతుల త్యాగం అటువంటిది కాదు. అది ప్రతి ఉదయం నీళ్ల కోసం ఏటికి నడిచిన దారిలో, పిలుపు రాని పేరంటాలలో, తలుపు తట్టని బంధువుల మౌనంలో ఏళ్ల తరబడి సాగింది. ఈనాటికీ వరకట్నం, బాల్యవివాహాలు, కులవివక్ష మన చుట్టూ ఉన్నాయి. వాటిని నిషేధించే చట్టాలూ ఉన్నాయి. ఆ చట్టాలకు ప్రాణం పోయవలసినది మన ఇళ్లలోనే. 1881లో ఒక ఇంటి వాకిట కాపలా నిలిచిన విద్యార్థులు మనకు నేర్పే పాఠం ఇదే.

ప్రశ్నలు

1. సొంత సంఘంలోని అన్యాయాన్ని ఎదిరించడం ఎందుకు కష్టమని రచయిత భావించారు?
2. 1856 నాటి చట్టం తెలుగునాట చాలాకాలం అమలు కాకపోవడానికి గల కారణాలను వివరించండి.
3. తొలి వితంతు వివాహం జరిగిన తీరును, అందులో విద్యార్థుల పాత్రను వర్ణించండి.
4. సంస్కరణోద్యమంలో రాజ్యలక్ష్మమ్మ గారి పాత్రను అంచనా వేయండి.
5. మీ గ్రామంలో గాని, పట్టణంలో గాని చట్టం ఉన్నా అమలు కాని ఒక సాంఘిక సమస్యను గురించి ఒక వ్యాసం వ్రాయండి.