ఐక్యత కోసం తపించిన దోర్నకల్ బిషప్పు



జనవరి 18 నుండి 25 వరకు క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థించే వారం. ఆ ప్రార్థన చెప్పేటప్పుడు మీకు ఎవరు గుర్తుకు వస్తారో గాని, నాకు మాత్రం అజరయ్య గారు గుర్తుకు వస్తారు. ఆయన కతోలికులు కారు. అయినా నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఆయన కథ తెలుసుకోవాలి. మన చుట్టాల్లో ఎంతమంది ఆ సంఘం వాళ్ళు లేరు!

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో ఒక చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి హిందూ మతం నుండి వచ్చి ఆంగ్లికన్ గురువైన వారు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులస్థులను గుళ్ళలోకి రానిచ్చేవారు కారు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. మన దేశస్థుల డబ్బుతో, మన దేశస్థులే నడుపుకొనే మిషను ఉండాలని 1903లో తిరునెల్వేలిలో ఒకటి, 1905 క్రిస్మసు నాడు బెంగాలులోని శ్రీరాంపూర్‌లో ఇంకొకటి స్థాపించడంలో ముందు నిలిచారు. 1909లో తానే నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, నేర్చుకొని ఆ భాషలోనే బోధించారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. దొరలలో కొందరికి అది నచ్చలేదు. మన వాళ్ళలోనూ కొందరికి నచ్చలేదనుకోండి! మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ దొర పట్టుబట్టి ఆ పని జరిపించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో అజరయ్య దొరల ముఖం మీదే ఒక మాట చెప్పి వచ్చారు. మీరు మాకు ఎన్నో ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కలకలం రేగింది.

మొదట చిన్నదిగా ఉన్న దోర్నకల్ డయోసీసు తర్వాత పెద్దదైంది. మన కర్నూలు, కడప జిల్లాల్లోని ఎస్.పి.జి. మిషను సంఘాలు కూడా ఆయన కిందికి వచ్చాయి. ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరిగేవారు. జ్ఞానస్నానం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. మాలమాదిగ పల్లెల్లో మొదలైన ఆ సాక్ష్యం ఇతర కులాల వాళ్ళనూ కదిలించింది.

అయితే ఆయనను నిద్రపోనివ్వనిది సంఘాల చీలిక. మన సీమనే చూడండి. నంద్యాలలో ఎస్.పి.జి., కడప, జమ్మలమడుగులలో లండన్ మిషను, కర్నూలులో బాప్టిస్టులు, వీళ్ళందరికీ వేరుగా మనం. ఇంగ్లండులో, అమెరికాలో ఎప్పుడో పడిన తగాదాలు ఇక్కడి రైతు కూలీకి ఎందుకు? 1919 మేలో తరంగంబాడిలో ఆయన అధ్యక్షతన కొద్దిమంది సంఘ సేవకులు కూడి ఐక్యతకు పిలుపునిచ్చారు. 1927లో లోజాన్ సభకూ వెళ్ళారు. ఆ సభలకు మన శ్రీసభ దూరంగా ఉంది. 1928లో పదకొండవ భక్తినాథ పోపు గారు కతోలికులు వాటిలో పాల్గొనరాదని విశ్వలేఖ రాశారు. ద్వారం తెరిచింది 1964లో, రెండవ వాటికన్ మహాసభలో. అజరయ్య గారు అది చూడలేదు.

అంబేద్కర్ గారు హిందూమతం వదిలేస్తానని 1935లో ప్రకటించిన తర్వాత అజరయ్య గారిని కలిశారని, మా వాళ్ళు క్రైస్తవులైతే ఏ సంఘంలో చేరాలి, మీరంతా ఒకటేనా అని అడిగారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. బిషప్పు గారి దగ్గర జవాబు లేదు. మనలో ఎవరి దగ్గర ఉంది?

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూశారు. ఐక్య పథకానికి ఆంగ్లికన్ మహాసభ ఆమోదం ఆ నెలలోనే వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. దోర్నకల్ చేరింది. కడప లండన్ మిషను వాళ్ళు చేరారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో మాత్రం వేలమంది చేరలేదు! బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను కూడా కొత్త సంఘం స్వీకరించడం వారికి మింగుడు పడలేదు. మిషను ఆదరణ పోతుందేమో నన్న భయమూ ఉంది. ఒకప్పుడు ఆయన ఏలుబడిలోనే ఉన్న పల్లెలు రెండుగా చీలాయి. వాళ్ళను మొండివాళ్ళని తేలికగా అనలేం. గురుపట్టం విషయంలో పట్టుదల మనకు మాత్రం లేదా? 1896లో పదమూడవ సింహరాయ పోపు గారు ఆంగ్లికన్ గురుపట్టమే చెల్లదని తీర్పు చెప్పారు. ఆ తీర్పు ప్రకారం అజరయ్య గారిని మేత్రాణులు అనడానికి మనకు వీలులేదు.

చేరని వారు కలకత్తా పెద్ద బిషప్పు ఛత్రం కింద ఉండిపోయారు. 1963లో నంద్యాల వారికి వేరే డయోసీసు ఏర్పడింది. 1975లో, అజరయ్య గారు పోయిన ముప్పై ఏళ్ళకు, అది దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.

విజయవాడ నుండి కాజీపేట పోయే రైలు దోర్నకల్ జంక్షనులో ఆగుతుంది. 1939 జనవరి 6న ఆయన ప్రతిష్ఠించిన దేవాలయం అక్కడే ఉంది. పైన మసీదు మాదిరి గుమ్మటాలు, లోపల మన గుడి మండపం లాంటి స్తంభాలు. ఆయన సమాధి ఆ గుడి పక్కనే.