మాసాబ్ ట్యాంక్ పేరు వెనుక ఉన్న మా సాహెబా

మెహదీపట్నం నుంచి లక్డీకాపూల్ వైపు వెళ్లే బస్సుల్లో కండక్టర్లు రోజుకు ఎన్నిసార్లు మాసాబ్ ట్యాంక్ అని కేకేస్తారో లెక్కలేదు. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు. ఆ మాసాబ్ ఎవరో పెద్ద సాహెబు అయి ఉంటాడని అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆ పేరు ఒక తల్లిది. జనం ప్రేమగా మా సాహెబా అని పిలుచుకున్న గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం తవ్వించిన చెరువు అది. మా సాహెబా తాలాబ్ జనం నోళ్లలో నాని మాసాబ్ ట్యాంక్ అయింది. చెరువు కుంచించుకుపోయి, దాని నేలలో చాచా నెహ్రూ పార్కు వెలిసింది. పేరు మాత్రం మిగిలింది.

హైదరాబాద్ నగరానికి పునాది వేసి, 1591లో చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక కుమార్తె ఈమె. తెలుగు కవులను ఆదరించి, వాళ్ల చేత మల్కిభరాముడు అనిపించుకున్న ఇబ్రహీం కుతుబ్ షాకు మనవరాలు. తండ్రికి మగ సంతానం లేకపోవడంతో ఆమె పెళ్లి ఇంటి విషయంగా మిగల్లేదు, రాజ్యం విషయమైంది. ఇరాన్‌ను ఏలుతున్న షా అబ్బాస్ తన వంశంలోని రాజకుమారుడికి ఆమెను అడుగుతూ రాయబారిని పంపాడు. ఆ రాయబారి కొన్నేళ్లపాటు హైదరాబాద్‌లోనే మకాం వేశాడు. అంత పెద్ద పాదుషాకు కాదని చెప్పడం తేలిక కాదు. అయినా కులీ కుతుబ్ షా బిడ్డను దేశం దాటించలేదు. తన తమ్ముడి కొడుకు సుల్తాన్ ముహమ్మద్‌కే 1607లో ఇచ్చి నిఖా జరిపించాడు. 1612లో మామగారు పోయాక ఆ అల్లుడే తఖ్తు ఎక్కాడు.

సుల్తాన్ ముహమ్మద్ దైవభక్తి ఉన్న మనిషి. మక్కా మస్జిద్‌కు పునాది వేసింది ఆయనే. చిన్ననాటి నుంచి తహజ్జుద్ నమాజు తప్పనివారు ముందుకొచ్చి మొదటి రాయి వేయాలని ఆయన కోరితే ఎవరూ కదల్లేదనీ, చివరికి తానే వేశాడనీ నగరంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ మస్జిద్ పూర్తి కాకుండానే 1626లో ఆయన కన్నుమూశాడు. కొడుకు అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్లు.

ఇక్కడి నుంచే మా సాహెబా అసలు కథ మొదలవుతుంది. పేరుకు అబ్దుల్లా సుల్తాన్. పగ్గాలు తల్లి చేతిలో. వజ్రాల గనులు, మచిలీపట్నం రేవు ఉన్న రాజ్యం అది. ఉత్తరాన మొఘలుల కన్ను దానిమీదే ఉండేది. కొడుకు పెద్దవాడైనా పాటలు, వేడుకల మీద ఉన్న మనసు పాలన మీద పెట్టలేదు. కష్టం వచ్చిన ప్రతిసారీ దర్బార్ తల్లి వైపే చూసింది.

ఆమె గురించి హైదరాబాదీలకు బాగా తెలిసిన కథ ఏనుగుది. యువకుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదమెక్కి అతణ్ణి అడవిలోకి ఎత్తుకుపోయిందట. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. బిడ్డ ఆకలితో చచ్చిపోతాడేమోనని, ఏనుగు తిరిగే దారుల్లో చెట్లకు అన్నం మూటలు కట్టించిందట ఆ తల్లి. బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు చేయించి, హుస్సేనీ అలం దగ్గరికి తీసుకెళ్లి పేదలకు పంచుతానని మన్నత్ చేసుకుంది. కొడుకు తిరిగొచ్చాడు, మన్నత్ తీరింది. ముహర్రం అయిదో రోజున జరిగే లంగర్ ఊరేగింపు అలా మొదలైందని చెబుతారు. లంగర్ అంటే గొలుసే. ఆసఫ్ జాహీల కాలానికి అది సైన్యమంతా కదిలే పెద్ద జులూస్ అయింది. కథలో ఎంత నిజముందో గానీ, చెట్లకు అన్నం కట్టించిన తల్లిని మాత్రం ఊరు మరిచిపోలేదు.

చరిత్రలో నిలిచిన పరీక్ష 1656లో ఎదురైంది. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంతో, కర్ణాటక విజయాలతో సుల్తాన్‌నే మించిపోయాడు. ఇద్దరికీ చెడింది. అబ్దుల్లా అతని కొడుకును ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా మొఘలుల పంచన చేరాడు. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు ఆ సాకు చాలింది. ముందు తన కొడుకు ముహమ్మద్ సుల్తాన్‌ను సైన్యంతో పంపాడు. అబ్దుల్లా రాత్రికి రాత్రి గోల్కొండ కోటలోకి పారిపోయాడు. కోటగోడ లేని హైదరాబాద్ దోపిడీ పాలైంది. వెనకాలే వచ్చిన ఔరంగజేబు కోటను ముట్టడించాడు.

అప్పుడు కోట దాటి శత్రువు గుడారాలకు వెళ్లింది మా సాహెబా. అప్పటికి ఆమె మనవరాళ్లకు పెళ్లీడు వచ్చింది. కొడుకు చేయలేని పని ఆమె చేసింది, రాజీ మాట్లాడింది. అబ్దుల్లా కూతుర్ని ముహమ్మద్ సుల్తాన్‌కిచ్చి నిఖా చేయాలి, కోటి రూపాయలు చెల్లించాలి, రామగిరి ప్రాంతం వదులుకోవాలి. చేదు షరతులే. ఢిల్లీలో దారా షికోహ్ కూడా గోల్కొండ తరఫున మాట్లాడడంతో షాజహాన్ ముట్టడి ఎత్తేయమని ఫర్మానా పంపాడు. మార్చి ఆఖరులో మొఘల్ సైన్యం వెనుదిరిగింది. ఒక మనవరాలి జీవితాన్ని పణంగా పెట్టి ఆ తల్లి రాజ్యాన్ని నిలబెట్టుకుంది. ఆ పిల్లను ఎవరైనా అడిగారో లేదో చరిత్రకారులు రాయలేదు. గోల్కొండకు వారసుడవుతాడనుకున్న ఆ పెళ్లికొడుకు, తర్వాత తండ్రి ఆగ్రహానికి గురై ఏళ్ల తరబడి ఖైదులో మగ్గాడు. గోల్కొండ మరో 31 ఏళ్లు నిలిచింది. 1687లో అది కూలిన నాటికి కాపాడడానికి మా సాహెబా లేదు. ఆమె భర్త మొదలుపెట్టిన మక్కా మస్జిద్ 1694లో పూర్తయింది, అదీ ఔరంగజేబు హయాంలోనే.

నగరానికి తూర్పున, మచిలీపట్నం దారిలో ఉన్న హయత్‌నగర్ కూడా ఆమె పేరుతో వెలిసిందే. అక్కడి మస్జిద్, బాటసారులు బస చేసే సరాయి, పక్కనే హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి ఆ కాలానివే. రేవు నుంచి రోజుల తరబడి నడిచొచ్చిన వ్యాపారులకు, బండ్లకు, ఎద్దులకు నగరం చేరేముందు నీడా నీళ్లూ దొరికేవి. ఇప్పుడు అదే దారి విజయవాడ హైవే. బస్సుల రొదలో ఆ బావి వైపు తలతిప్పేవాళ్లు తక్కువ.

1667లో హయాత్ బక్షీ బేగం ఇంతెఖాల్ చేశారు. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల్లో తండ్రి, భర్త నిద్రిస్తున్న చోటే ఆమెనూ ఖననం చేశారు. సింహాసనం ఎక్కని ఆమెకు సుల్తానులకు దీటైన గుంబద్ కట్టారు. దాని పక్కనే, ఆమె చనిపోవడానికి కాస్త ముందు 1666లో లేచిన పెద్ద మస్జిద్ ఉంది.