కలుపుమొక్కలలో కళను చూపిన గురువు

దారి ప్రక్క మొలిచిన పిచ్చిమొక్కను చూచి ఆగేవారు అరుదు. వైద్యుడు అందులో మందు ఉన్నదా అని చూస్తాడు. రైతు దానిని పెరికి గట్టున పారవేస్తాడు. పశువు మేసి పోతుంది. ఏ ప్రయోజనమూ కోరక, కేవలం దాని ఆకృతిని తెలుసుకొనడానికై దాని ముందు కూర్చునేవాడు వేయిమందిలో ఒకడైనా ఉండడు. అట్లా ముప్పది ఏండ్లకు పైగా కూర్చున్న మనుష్యుడు ఒకడు జర్మనీ దేశంలో ఉండేవాడు. ఆయన పేరు కార్ల్ బ్లోస్‌ఫెల్ట్. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయుడు. ఛాయాగ్రహణాన్ని ఆయన జీవనోపాధిగా స్వీకరింపలేదు. ఆ విద్యలో పట్టమూ పొందలేదు. అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దపు ఛాయాచిత్రకళ చరిత్రను వ్రాయబూనినవారు ఆయన పేరును విడిచి వ్రాయలేరు. ఆ కీర్తి ఆయనకు ఎట్లా వచ్చింది, ఆయన జీవితమంతా శ్రమించినది దానికోసమేనా అన్నది విచారింపదగిన విషయం.

బ్లోస్‌ఫెల్ట్ 1865 జూన్ 13న, హార్జ్ పర్వత ప్రాంతంలోని షీలో అనే చిన్న పల్లెలో జన్మించాడు. అడవులకూ పచ్చికబయళ్ళకూ పేరుపొందిన సీమ అది. పదునారవ యేట ఆయన సమీపంలోని మెగ్డెష్‌ప్రుంగ్ అనే ఊరిలో, కళాత్మకమైన పోతపనులు చేసే ఇనుప కార్ఖానాలో శిష్యుడుగా చేరాడు. ఆ కాలంలో ఐరోపాలో ఇంటి ద్వారాలకూ, మెట్ల ప్రక్క కంచెలకూ ఇనుపతీగెలతోను, ఇనుపఆకులతోను అలంకారాలు చేయించడం వాడుక. మట్టిలో ఆకును మలచడం, దానినుండి అచ్చు తీయడం, కరగిన ఇనుమును అందులో పోయడం ఆ పనిలోని క్రమం. పిల్లవాని చేతికి ఆకు తగిలినది మొదట తోటలో కాదనలేము గాని, ఆకును ఒక నిర్మాణంగా, ఒక మూసగా చూచే దృష్టి మాత్రం ఆయనకు ఈ కొలిమి దగ్గరనే అలవడింది. తరువాతి జీవితంలో ఆయన తీసిన ప్రతి చిత్రంలోను ఆ పోతపనివాని కన్ను కనబడుతూనే ఉంటుంది.

1884లో విద్యార్థివేతనం లభించి ఆయన బెర్లిన్ నగరం చేరాడు. అక్కడి చేతిపనుల మ్యూజియమునకు అనుబంధమైన విద్యాలయంలో చదివాడు. అలంకారకళకు అది సంకట కాలం. యంత్రాలు వచ్చి ఒక్కొక్క నమూనాను వేలకొలదిగా దింపుతున్నవి. పనివారు గ్రీకుల పద్ధతి, గోథిక్ పద్ధతి, పునరుజ్జీవన కాలపు పద్ధతి అని పేర్లు పెట్టిన నమూనా పుస్తకాలను ముందుంచుకొని, నకలుకు నకలు తీస్తున్నారు. ఈ దుస్థితికి మందు వెదకినవారిలో మోరిట్స్ మోయ్‌రర్ అనే చిత్రకారుడు ఒకడు. ప్రాచీనుల అలంకారాలన్నీ మొదట మొక్కలనుండి పుట్టినవే కాబట్టి, విద్యార్థిని తిరిగి మొక్కవద్దకే నడిపించాలని ఆయన సిద్ధాంతం. కొరింథియన్ స్తంభం తలకట్టు మీద చెక్కిన ఆకులు మధ్యధరా తీరాన పెరిగే అకాంథస్ అనే మొక్క ఆకులే. శిల్పం చూచి శిల్పం చెక్కేవాడు ఆ ఆకును ఎరుగడు; ఆకును చూచినవాడే కొత్త శిల్పం చెక్కగలడు.

ఈ సిద్ధాంతానికి అనుగుణమైన పాఠ్యసామగ్రిని సిద్ధపరచడానికి ప్రష్యా ప్రభుత్వం మోయ్‌రర్‌కు పోషణ కల్పించింది. ఆయన రోము నగరంలో పని నెలకొల్పి కొందరు సహాయకులను చేర్చుకొన్నాడు. వారిలో బ్లోస్‌ఫెల్ట్ ఒకడు. 1890 మొదలు సుమారు ఆరేండ్లు ఆయన ఆ పనిలో గడిపాడు. ఇటలీ, గ్రీసు, ఉత్తరాఫ్రికా ప్రాంతాలలో మొక్కలను సేకరించడం, వానిని ఆరబెట్టడం, మట్టిలోను లోహంలోను నమూనాలు చేయడం ఆ పనిలోని భాగాలు. ఎండకు ఓర్చి, నీటిని దాచుకొని, ముండ్లతో తమను తాము కాపాడుకొనే మొక్కలు ఆ తీరాలలో అధికం. మెత్తని పూలకంటె గట్టి కాడలమీద, ముండ్లమీద, ఎండిన కాయలమీద బ్లోస్‌ఫెల్ట్‌కు కలిగిన మక్కువ ఆ సీమల పరిచయంతో మరింత బలపడి ఉండవచ్చు.

ఛాయాగ్రహణం ఆయన చేతికి వచ్చినది కూడ ఆ కాలంలోనే. కారణం సామాన్యమైనది. కోసిన మొక్క త్వరలోనే వాడిపోతుంది. తరగతిలో ఇరవైమంది విద్యార్థులు ఒకే చిన్న మొగ్గను చూడలేరు. చేతితో గీచిన చిత్రంలో గీచినవాని అభిరుచి కలిసి, మొక్క ఉన్నదానికంటె అందంగానో వికృతంగానో మారిపోతుంది. కెమేరాకు అట్టి అభిరుచి లేదు. అందుచేత అది ఉపాధ్యాయునికి నమ్మదగిన సేవకుడని ఆయన గ్రహించాడు. ఆయనకు కెమేరా నల్లబల్లవంటిది, సుద్దముక్కవంటిది. అంతకు మించిన గౌరవం ఆయన దానికి ఈయలేదు.

1898లో బెర్లిన్‌లోని చేతిపనుల విద్యాలయంలో బ్లోస్‌ఫెల్ట్ ఉపాధ్యాయుడుగా ప్రవేశించాడు. సజీవమైన మొక్కలను చూచి మట్టిలో మలచడం ఆయన బోధించిన విషయం. 1930 వరకు, అనగా ముప్పదిరెండేండ్లు, ఆయన ఆ ఒక్క పాఠమే చెప్పాడు. 1921లో ప్రొఫెసరు బిరుదు వచ్చినా, 1924లో ఆ విద్యాలయం వేరొక విద్యాసంస్థతో విలీనమైనా, పాఠం మారలేదు. గోడలమీద పెద్దవి చేసిన ఛాయాచిత్రాలు, తెరమీద స్లైడులు, బల్లలమీద బంకమన్ను, ఇవి ఆయన తరగతికి కావలసిన సామగ్రి.

ఆయన పనిచేసిన విధానం తెలుసుకొనదగినది. కెమేరా కొయ్యతో స్వయంగా తయారుచేసుకొన్నది. చిత్రం గాజుపలకమీద పడుతుంది. కటకాన్ని మొక్కకు మిక్కిలి దగ్గరగా ఉంచి, గాజుపలకను కటకానికి దూరంగా జరిపితే చిన్న మొగ్గ పలకమీద అనేక రెట్లు పెద్దదై నిలుస్తుంది. అయితే ఎంత పెద్దదైతే వెలుతురు అంత పలుచబడుతుంది. కాబట్టి కటకాన్ని నిమిషాల తరబడి తెరచి ఉంచాలి. ఆ లోపల గాలికి ఆకు కదిలిందా, శ్రమ వృథా. ఆయన మొక్కను గదిలోనికి తెచ్చి, వెనుక తెల్లని లేక బూడిదరంగు అట్టను నిలిపి, కిటికీనుండి వచ్చే మెత్తని పగటి వెలుతురులో చిత్రం తీసేవాడు. నాటకీయమైన నీడలు లేవు, దృశ్యం లేదు, ఆకాశం లేదు. మొక్క ఒక్కటే ఉంటుంది. ఇట్లా ఆయన తీసిన చిత్రాలు సుమారు 6,000 అని అంచనా. ముప్పది ఏండ్లలో ఈ పద్ధతిని ఆయన ఇంచుమించుగా మార్చనేలేదు.

మొక్కలు ఎక్కడినుండి వచ్చేవి? పూలదుకాణం నుండి కొని తెచ్చినవి కావు. రైలుకట్టల వెంట, ఊరి బయటి బీడు భూములలో, కాలిబాటల ప్రక్కన ఎవరూ పెంచక పెరిగినవే ఆయనకు ప్రియమైనవి. ఈక్విసీటం అనే కలుపుమొక్క కాడను ఇరవై రెట్లకు మించి పెద్దదిచేసి చూపితే, కణుపు కణుపునకు పట్టీలు బిగించిన స్తంభం వలె నిలిచింది. ఇంకా విప్పుకొనని ఫెర్న్ చిగురు సింహాసనపు చేతిమీది చుట్టవలె కనబడింది. గుమ్మడి నులితీగె ఇనుపకమ్మరి చేసిన తీగెపనికి ఏమాత్రం తీసిపోదు. గసగసాల కాయ మూతపెట్టిన కలశం. వసనాభి మొలక నేలను చీల్చుకొని లేచే పిడికిలి. హిమాలయాలలో పుట్టి ఐరోపా వాగుల ఒడ్డున స్థిరపడిన ఒక మొక్క కాడను కూడ ఆయన చిత్రించాడు. అది మన పెరటి ముద్దగోరింటకు దగ్గరి బంధువే.

ఇంతటి పరిశ్రమ జరుగుతున్నా విద్యాలయం వెలుపల ఆయన పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది. 1912లో ఆయన హెలెనె వేగెనర్ అనే సంగీతనాటక గాయనిని వివాహమాడాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, చక్రవర్తి పోయాడు, గణతంత్రం ఏర్పడింది, ద్రవ్యం విలువ పతనమై జనం అల్లాడిపోయారు. ఆయన మాత్రం ఋతువు రాగానే మొలకలకోసం, ఋతువు పోగానే ఎండుకాయలకోసం తిరుగుతూనే ఉన్నాడు.

ఈ మధ్యకాలంలో కళాలోకంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఆయన జీవితంలోని విషాదం, విచిత్రం రెండూ ఇందులోనే ఉన్నవి. అలంకారాన్ని బాగుచేయడానికి ఆయన గురువు ఉద్యమం నడిపాడు. కాని కొత్త తరం అలంకారమే వద్దన్నది. వియన్నాలో ఆడాల్ఫ్ లోస్ అనే వాస్తుశిల్పి అలంకారాన్ని నేరంతో సమానంగా నిందించాడు. 1919లో వైమార్‌లో స్థాపితమైన బౌహౌస్ క్రమంగా నునుపైన గోడలను, ఉక్కు గొట్టాల కుర్చీలను ఆదర్శంగా నిలిపింది. ఇనుప కంచెమీద తీగెలు పోతపోయించే రోజులు పోయినవి. అనగా బ్లోస్‌ఫెల్ట్ ఏ ప్రయోజనంకోసం వేలకొలది చిత్రాలు తీశాడో, ఆ ప్రయోజనమే కనుమరుగైపోయింది. న్యాయంగా ఆ గాజుపలకలన్నీ విద్యాలయపు అటకమీద దుమ్ముపట్టి పోవలసినవి.

అట్లా జరుగలేదు. బెర్లిన్‌లో చిత్రశాల నడిపే కార్ల్ నీరెన్‌డార్ఫ్ ఈ చిత్రాలను చూచి ఆశ్చర్యపడి, 1926లో తన చిత్రశాలలో ప్రదర్శించాడు. అప్పటికి బ్లోస్‌ఫెల్ట్ వయస్సు అరువదికి మించినది. 1928లో 120 చిత్రాలతో ఒక గ్రంథం వెలువడింది. దాని పేరుకు కళ యొక్క ఆదిరూపాలని అర్థం. పీఠికను నీరెన్‌డార్ఫ్ వ్రాశాడు. మరుసటి ఏడే ఆంగ్లంలో కూడ అది వచ్చింది. పుస్తకం మిక్కిలి ఆదరణ పొందింది. ఉన్నది ఉన్నట్లు, ఆవేశం లేక, స్పష్టంగా చూపడమే నూతన కళ అని చాటుతున్న యువకులకు, ఈ వృద్ధ ఉపాధ్యాయుడు తమకంటె ముప్పది ఏండ్ల ముందే ఆ మార్గాన నడచినట్లు తోచింది. 1929లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన ఫిల్మ్-ఫోటో మహాప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటుచేసుకొన్నవి. అలంకారాన్ని త్యజించిన నవ్యులే అలంకారాచార్యుని నెత్తిన పెట్టుకొన్నారు!

విమర్శకులు తలకొక విధంగా ఆయనను చదివారు. వాల్టర్ బెన్యమిన్, మనిషి కన్ను ఎన్నడూ ఎరుగని ఒక రూపలోకాన్ని కెమేరా తెరచి చూపిందని మెచ్చుకొన్నాడు. పారిస్‌లో జార్జ్ బతాయ్ 1929లో అవే చిత్రాలను తన వ్యాసానికి జతచేసి, పువ్వు పవిత్ర సౌందర్యానికి ప్రతీక అనే పాత భావనను తలక్రిందులు చేశాడు. ఒకరికి అవి విజ్ఞానం, ఒకరికి శిల్పం, మరొకరికి వింతజంతువులు. తీసినవాడు మాత్రం వానిని పాఠాలుగానే తలచాడు.

ఆయనపై ఆక్షేపణలు లేకపోలేదు. ఆయన మొక్కను ఉన్నచోట ఉన్నట్లు చూపలేదు. అడ్డువచ్చిన ఆకులను కత్తిరించాడు. సమరూపత కుదిరేటట్లు నిలబెట్టాడు. దాని మట్టిని, పొరుగు మొక్కలను, పురుగులను తొలగించాడు. ప్రకృతిని వెదకబోయి తన కొలిమిలో నేర్చిన ఇనుపనగిషీనే అందులో చూచుకొన్నాడని అనేవారికి సమాధానం చెప్పడం కష్టమే. వృక్షశాస్త్రవేత్తకు ఆయన పుస్తకం చాలదు. ఈ లోపం నిజమైనదే అయినా, ఆయన మొక్కకు లేనిది చేర్చలేదు. దగ్గరగా తీసుకొనివచ్చాడు, చుట్టూ ఉన్నదానిని తీసివేశాడు, ఆగి చూడమన్నాడు. చూడడం నేర్పదలచిన గురువు ఎవరైనా చేసేది ఇంతకంటె అధికంగా ఉండదు.

1930లో ఆయన పదవినుండి విరమించాడు. 1932లో ప్రకృతి యొక్క అద్భుతోద్యానం అనే అర్థంగల రెండవ గ్రంథం వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 9న బెర్లిన్‌లో ఆయన కన్నుమూశాడు. పేరు వచ్చిన పిమ్మట ఆయన బ్రతికినది ఆరేండ్లు మాత్రమే.

మరణానంతరం చాలాకాలానికి ఆయన స్వయంగా కూర్చుకొన్న 61 అట్టలు బయటపడినవి. చిన్న చిన్న ఛాయాచిత్రాలను కత్తిరించి, పోలిక గలవానిని ప్రక్కప్రక్కన అతికించి, అంచులలో గుర్తులు వ్రాసుకొన్న పనికాగితాలవి. ప్రదర్శనకు ఉద్దేశించినవి కావు. ఒకే జాతి మొలక పది విధాలుగా, ఒకే కాయ పచ్చిగా, పండుగా, ఎండుగా వరుసలు తీరి ఉంటాయి. రేపటి తరగతికి ఏది తీసుకొనిపోవాలా అని ఎంచుకొనే ఉపాధ్యాయుడు ఆ అట్టలలో స్పష్టంగా కనబడతాడు. కీర్తిని ఆశించి పనిచేసినవాడైతే, ఏ పదేండ్లకో విసిగి మానివేసి ఉండేవాడు. రేపు తరగతి ఉన్నది కనుక ఆయన మానలేదు. ఆయన నేర్పదలచిన అలంకారవిద్యను ఈనాడు ఆ రీతిగా నేర్చేవారు లేరు. నేర్పడానికై ఆయన తీసిన చిత్రాలను మాత్రం ప్రపంచపు మ్యూజియములలో జనం నిలబడి చూస్తున్నారు. బయటికి వచ్చిన పిమ్మట వారిలో ఏ కొందరైనా గోడవార మొలిచిన గడ్డిపరకను వంగి చూస్తే, బెర్లిన్‌లో ముప్పదిరెండేండ్లు సాగిన ఆ పాఠం ఇంకా ముగియలేదనే చెప్పాలి.