తెరమీద శ్రమజీవి – జాన్ గ్రియర్సన్

ఒకప్పుడు బ్రిటిష్ చలనచిత్రాలలో శ్రామికునికి దక్కిన స్థానం స్వల్పం. తలుపు తీసే నౌకరుగానో, నవ్వు పుట్టించే పాత్రగానో అతడు కనిపించి మాయమయ్యేవాడు. అతని పనినే కథావస్తువుగా గ్రహించిన మహనీయుడు జాన్ గ్రియర్సన్.

ఆయన 1898లో స్కాట్లండులోని డీన్‌స్టన్ గ్రామంలో జన్మించినాడు. తండ్రి బడిపంతులు. తల్లియు ఉపాధ్యాయినిగా పనిచేసినది. స్త్రీల ఓటుహక్కుకై పాటుపడినది. ప్రథమ ప్రపంచసంగ్రామంలో నౌకాదళంలో సేవచేసి, పిదప గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విద్య ముగించి, 1924లో ఆయన అమెరికా వెళ్ళినాడు. పత్రికలూ చలనచిత్రాలూ ప్రజాభిప్రాయాన్ని తీర్చిదిద్దే తీరును అక్కడ పరిశీలించి, చిత్రం పౌరులకు పాఠశాల కాగలదన్న విశ్వాసంతో 1927లో తిరిగివచ్చినాడు.

ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థలో చేరి, ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేపలు పట్టే జాలరులపై 'డ్రిఫ్టర్స్' అనే మూకీచిత్రాన్ని నిర్మించినాడు. 1929 నవంబరులో లండన్ ఫిల్మ్ సొసైటీ దానిని ఐసెన్‌స్టీన్ రచించిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్'తో పాటు ప్రదర్శించినది. అందులో నాయికానాయకులు లేరు. కడలి, వల, వల లాగే చేతులు – ఇవే పాత్రలు.

1933లో ఆ బోర్డు రద్దు కాగా, ఆయన బృందం తపాలాశాఖకు మారినది. రాత్రి రైలులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగులను చూపిన 'నైట్ మెయిల్' 1936లో అక్కడనే తయారైనది. అంతకు ముందే, 1935లో, ఆయన సహచరులు ఎల్టన్, ఆన్‌స్టీలు 'హౌసింగ్ ప్రాబ్లెమ్స్' తీసినారు. గ్రియర్సన్ చెల్లెలు రూబీ అందుకు తోడ్పడినది. ఎలుకలతో, చెమ్మగోడలతో తాము పడే బాధను లండన్ మురికివాడల పేదలు అందులో తమ నోటనే, తమ యాసలోనే చెప్పుకున్నారు. వారి తరఫున మరొకరు మాట్లాడవలసిన అవసరం అక్కడ తీరినది.

అయితే ఈ కృషికి ఒక పరిమితి కలదు. ధనం ప్రభుత్వానిది, లేదా వాణిజ్యసంస్థలది. చివరి చిత్రానికి పెట్టుబడి పెట్టినది గ్యాసు పరిశ్రమయే. శ్రమ యొక్క గౌరవాన్ని ఆ చిత్రాలు చాటినవి. శ్రమఫలం ఎవరికి చేరుతున్నదన్న ప్రశ్నను మాత్రం అరుదుగా వేసినవి. చిత్రించినవారు అధికంగా చదువుకున్న మధ్యతరగతివారు, చిత్రింపబడినవారు శ్రామికులు. ఆ దూరం పూర్తిగా చెరగలేదు.

1939లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థకు ప్రథమాధిపతియై ఆయన స్వదేశం వీడినాడు. 1956లో లండన్‌లో 'ఫ్రీ సినిమా' యువకులు ఆయన మార్గాన్ని విమర్శిస్తూనే ముందుకు సాగినారు. వారిలో ఒకడైన కారెల్ రైజ్ 1960లో తీసిన 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్'లో నాటింగ్‌హామ్ కర్మాగారపు కార్మికుడు కథానాయకుడైనాడు. కోపమూ కోరికా గల సంపూర్ణ మానవుడైనాడు.

గ్రియర్సన్ 1972లో బాత్ నగరంలో కన్నుమూసినాడు. శ్రామికుని ముఖానికి ఆయన తెరపై చోటిచ్చినాడు. ఆ ముఖం వెనుకనున్న మనస్సును చూపే బాధ్యతను తరువాతి తరానికి అప్పగించినాడు.