కోటూ పంట్లాం తీరు మార్చిన బ్రమ్మెల్

మన ఊళ్లలో ప్యాంటును పంట్లాం అనే పెద్దవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషువారి పాంటలూన్ అనే మాటే మన నోట పంట్లాం అయింది. రెండు వందల ఏళ్ల కిందట లండన్ నగరంలో ఆ పాంటలూన్‌కూ, దాని మీది కోటుకూ ఒక తీరు దిద్ది పేరు మోసినవాడు జార్జి బ్రయన్ బ్రమ్మెల్. ఆయన రాజు కాదు, జమీందారు కాదు, దర్జీ అసలే కాదు. అయినా నేటి సూటుకు మూలపురుషుడెవరంటే ఆయన పేరే చెబుతారు. అంతటి సొగసుకాడు చివరి రోజుల్లో ఒక్క పంట్లాంతో మిగిలిపోవడం ఆయన కథలోని విషాదం.

నౌకరు మనుమడు

బ్రమ్మెల్ 1778 జూన్ 7న లండన్‌లో పుట్టాడు. తాత పెద్దింట నౌకరీ చేసి, ఆ తర్వాత గదులు అద్దెకిచ్చి బతికిన సామాన్యుడు. తండ్రి విలియం మాత్రం పైకొచ్చాడు. ప్రధానమంత్రి లార్డ్ నార్త్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసి బాగా గడించాడు. కొడుకును ప్రభువుల పిల్లలు చదివే ఈటన్ పాఠశాలలో చేర్చాడు. తర్వాత బ్రమ్మెల్ ఆక్స్‌ఫర్డులో కొద్దికాలం చదివాడు.

1794లో తండ్రి పోయాడు. ఆ ఏడే బ్రమ్మెల్ యువరాజు జార్జికి చెందిన పదవ డ్రాగూన్ అశ్వికదళంలో చేరాడు. అప్పటికి ఆయనకు 16 ఏళ్లు. కుర్రవాడి మాట చమత్కారం, నడవడి యువరాజుకు నచ్చాయి. ఇద్దరికీ స్నేహం కలిసింది. 1798లో దళాన్ని మాంచెస్టరుకు తరలించమని ఉత్తర్వు రాగానే బ్రమ్మెల్ లండన్ విడిచి పోలేక కొలువే వదిలేశాడు. మరుసటి ఏడు 21 ఏళ్లు నిండి, తండ్రి ఆస్తిలో వాటాగా 20 వేల పౌన్లకు పైగా చేతికొచ్చింది. చెస్టర్‌ఫీల్డ్ వీధిలో ఇల్లు తీసుకుని కాపురం పెట్టాడు.

పల్లె దుస్తులకు పట్నంలో పీట

అంతకు ముందు తరం ప్రభువులు ఎలా ఉండేవారంటే, నెత్తిన పిండి చల్లిన విగ్గు, ఒంటిన జలతారు పట్టుకోటు, మోకాళ్ల దాకా బిగుతు లాగు, కింద పట్టు మేజోళ్లు. ఒంటి కంపు తెలియకుండా అత్తరు. గుడ్డ ఎంత ఖరీదైతే మనిషి అంత గొప్ప అని లెక్క.

కాలం మారుతూ వచ్చింది. 1789లో ఫ్రాన్సులో విప్లవం లేచాక పట్టు లాగులంటే ప్రభువుల గుర్తని జనం మండిపడ్డారు. 1795లో ఇంగ్లండు ప్రభుత్వం జుట్టు పిండి మీద పన్ను వేసింది. చాలామంది పిండి మానేశారు. బ్రమ్మెల్ కూడా జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు.

ఆయన ఎన్నుకున్న దుస్తులు పల్లెవే. ఇంగ్లండు గ్రామాల్లో భూస్వాములు గుర్రం ఎక్కి పొలాల మీద తిరిగేందుకు ఉన్ని కోటు, తోలు లాగు, పొడుగు బూట్లు వేసుకునేవారు. ఆ దుస్తులనే బ్రమ్మెల్ నగరంలోకి తెచ్చి దర్జీ చేత ఒంటికి సరిగ్గా కుట్టించాడు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. పట్టుగుడ్డ ఇస్త్రీకి లొంగదు. ఉన్ని గుడ్డను తడిపి వేడి ఇస్త్రీతో ఒకచోట సాగదీయవచ్చు, మరొకచోట కుదించవచ్చు. భుజం దగ్గర, నడుము దగ్గర మనిషి ఒంటి తీరును బట్టి మలచవచ్చు. దాంతో గొప్ప గుడ్డ ఖరీదులో కాక దర్జీ కత్తెరలోకి వచ్చింది.

పగలు ముదురు నీలం కోటు, లేత గోధుమరంగు లోకోటు, లేత రంగు పంట్లాం, నల్ల బూట్లు. రాత్రి విందులకు అదే నీలం కోటు, తెల్ల లోకోటు, నల్ల పంట్లాం. ఇంతే ఆయన జత కూర్చిన తీరు. రెండు మూడు రంగులకు మించి లేవు. ఏదీ కంటికి కొట్టొచ్చినట్టు ఉండకూడదన్నది ఆయన నియమం.

ముడత పడని పంట్లాం

పంట్లాం విషయంలో ఆయన పట్టుదల మరీ ఎక్కువ. కూర్చుని లేస్తే గుడ్డ మోకాళ్ల దగ్గర ముడతలు పడుతుంది, పైకి ఎగబాకుతుంది. దీనికి విరుగుడుగా పంట్లాం కింది అంచుకు పట్టీ కుట్టి, పాదం కిందుగా తీసి బిగించే పద్ధతి వచ్చింది. పట్టీ కిందికి లాగుతుంటే గుడ్డ నిటారుగా నిలుస్తుంది. ఈ ఆలోచన బ్రమ్మెల్‌దో, ఆయనకు కుట్టిపెట్టిన మేయర్ అనే దర్జీదో గాని, ఆయన తొడగగానే లండన్ అంతా తొడిగింది. తర్వాతి కాలంలో పట్టీ పోయింది. నడుము నుంచి మడమ దాకా గుడ్డ అడ్డముడతలు లేకుండా జారాలన్న సూత్రం మాత్రం నిలిచింది. ఈనాటికీ పంట్లాం కుదిరిందా లేదా అని చూసేది అదే.

మెడగుడ్డకు గంజి పెట్టించడం ఆయన పేరు మీదే ప్రచారమైంది. అంతకు ముందు మెడగుడ్డలు వేలాడిపోయేవి. అడుగు వెడల్పు తెల్లగుడ్డను మెడకు చుట్టి, గడ్డం మెల్లగా దించి మడతలు పడనిచ్చేవాడు. మడత సరిగా పడకపోతే ఆ గుడ్డ తీసేసి మరొకటి. అలా పాడైన గుడ్డలను నౌకరు చేతి నిండా మోసుకుపోయేవాడని కథలున్నాయి. ఆయన రోజూ స్నానం చేసేవాడు. మనకది వింత కాదు గాని ఆనాటి లండన్‌లో వింతే. అత్తరు ముట్టేవాడు కాదు. లండన్ మసి అంటకుండా బట్టలు పల్లెల్లో ఉతికించాలనేవాడు.

అప్పుల ఊబి

యువరాజు అంతటివాడు బ్రమ్మెల్ ముస్తాబు చూడటానికి ఇంటికి వచ్చి కూర్చునేవాడు. ఆ స్నేహమే చేటు తెచ్చింది. కోటీశ్వరుల పక్కన కూర్చుని వాళ్లతో సమానంగా జూదమాడాడు. వాళ్లకు ఎస్టేట్లున్నాయి, ఈయనకు ఉన్నది తండ్రి ఇచ్చిన డబ్బు. యువరాజు అప్పులు 1795లో 6 లక్షల 30 వేల పౌన్లకు చేరితే తీర్చే ఏర్పాటు పార్లమెంటు చేసింది. బ్రమ్మెల్‌కు ఏ పార్లమెంటు పూచీ పడుతుంది?

ఆనాటి పెద్దమనుషుల్లో ఒక ఆచారం ఉండేది. జూదం బాకీ మాత్రం మాట మీద నిలబడి వెంటనే తీర్చాలి. దర్జీ బాకీ, చాకలి బాకీ ఏళ్ల తరబడి ఆగవచ్చు. పరువు అంటే తోటి ప్రభువు దగ్గరే గాని, రాత్రింబగళ్లు కూర్చుని కుట్టినవాడి దగ్గర కాదు.

ఇంతలో యువరాజుతో స్నేహమూ చెడింది. 1813లో ఒక నృత్య విందులో యువరాజు అందరినీ పలకరించి బ్రమ్మెల్‌ను చూడనట్టు పోయాడు. బ్రమ్మెల్ ఊరుకోలేదు. మీ లావాటి స్నేహితుడెవరని పక్కవాడిని అందరికీ వినబడేలా అడిగాడట. కాబోయే రాజును అన్న మాట మరి!

1816 మే 16 రాత్రి బ్రమ్మెల్ ఎప్పటిలాగే సంగీత నాటకానికి వెళ్లి, మధ్యలో లేచి, బండెక్కి డోవరు రేవుకు పోయి, సముద్రం దాటి ఫ్రాన్సులోని కాలే చేరాడు. ఇంగ్లండు అప్పులవాళ్లు అక్కడికి వచ్చి పట్టుకోలేరు. వారం తిరగకముందే లండన్‌లో ఆయన సామాను వేలం వేశారు.

ఒక్క పంట్లాం

కాలేలో 14 ఏళ్లు గడిపాడు. అక్కడా అప్పులే. 1830లో కేన్ పట్టణంలో బ్రిటిష్ కాన్సల్ ఉద్యోగం ఇప్పించారు. రెండేళ్లకే 1832లో ఆ పదవి రద్దయింది. పక్షవాతం సోకింది. 1835లో అప్పుల కింద జైలుకు పోతే, ఇంగ్లండులోని మిత్రులు డబ్బు పోగుచేసి విడిపించారు.

రోజుకు ఎన్నో తెల్లగుడ్డలు మార్చిన మనిషి ఉతుకు ఖర్చు తగ్గుతుందని నల్ల మెడగుడ్డకు దిగాడు. ఉన్నది ఒక్క పంట్లాం. అది బాగుచేయించే వేళ గది దాటి రావడానికి లేదు. పేరున్న మనిషి ఇలా ఉండటం చూడలేక కేన్‌లోని ఒక దర్జీ కూలి తీసుకోకుండానే కుట్టిపెట్టేవాడని చెబుతారు. ఎందరు దర్జీలకో బాకీ పడిన మనిషి పరువును చివరకు కాపాడింది ఒక దర్జీయే.

మతి చలించి 1840 మార్చి 30న కేన్‌లోని ఒక ఆశ్రమ ఆస్పత్రిలో బ్రమ్మెల్ కన్నుమూశాడు. 2002లో లండన్ జెర్మిన్ వీధిలో ఆయన విగ్రహం నిలిపారు.

శుభ్రంగా ఉతికిన గుడ్డ, ఒంటికి కుదిరిన కుట్టు, పొందిక గల రంగులు ఉంటే చాలని బ్రమ్మెల్ నేర్పాడు. దానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఆయనను ముంచింది కోటు కాదు, తాహతుకు మించిన సావాసం. పెళ్లికని, పండుగకని సూటు కుట్టించుకునేవారు ఆయన దగ్గర కొలత నేర్చుకోవచ్చు. కుట్టు కూలి మాత్రం కోటు తొడిగే ముందే ఇచ్చేయడం మంచిది.