తీగ లేకుండా మోగిన గంట

సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గర పడుతోందంటే మా ల్యాబ్‌లో పిల్లల కోరిక దాదాపు ఒకటే. ఆర్డినో బోర్డుతో చిన్న కారు కడతారు. చక్రాలు తిరిగిన మర్నాడే దాన్ని ఫోన్‌తో నడపాలంటారు. అప్పుడు హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ ఒకటి చేతికిస్తాం. వేలెడంత ఉంటుంది. నాలుగు వైర్లు సరిగ్గా కలిస్తే సుమారు పది మీటర్ల దూరం నుంచి కారు ముందుకీ వెనక్కీ పోతుంది. మీలో చాలామంది ఇంట్లో చూసే ఉంటారు.

కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి ఆ కారును చేతిలోకి తీసుకుని, దీనివల్ల పరీక్షల్లో ఏమైనా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. తప్పు ప్రశ్న కాదు, ఫీజు కట్టేవారు అడగాల్సిందే. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. నవంబర్ 30 జగదీశ్ చంద్రబోస్ పుట్టినరోజు. మొక్కలు కూడా స్పందిస్తాయని చూపించిన శాస్త్రవేత్తగానే ఆయన మనకు ఎక్కువగా తెలుసు. మొక్కల దగ్గరికి వెళ్లకముందు ఆయన చేసిన పని మన పిల్లల కారుకు దగ్గరి చుట్టం. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను.

జగదీశ్ 1858లో మైమెన్‌సింగ్‌లో పుట్టారు. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్రబోస్ బ్రిటిష్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ స్థాయి ఉద్యోగులు పిల్లల్ని ఇంగ్లిష్ బడిలో వేయడం గొప్పగా భావించే రోజులవి. ఆయన మాత్రం ఫరీద్‌పూర్‌లో కొడుకును బెంగాలీ బడికి పంపారు. బడిలో జగదీశ్‌కు ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. చేపల గురించి, పక్షుల గురించి వాళ్లు చెప్పే సంగతులు వింటూ పెరిగాడు. ప్రకృతి మీద తన ఆసక్తి అక్కడే మొదలైందని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. ఇక ఆ పిల్లాణ్ణి రోజూ బడికి తీసుకెళ్లే మనిషి ఒకప్పటి బందిపోటు. మేజిస్ట్రేటు గారే అతన్ని జైలుకు పంపి, శిక్ష పూర్తయ్యాక బతుకుతెరువు లేదని వస్తే ఇంట్లో పనికి పెట్టుకున్నారు.

ఇంగ్లిష్ మీడియం స్కూలు పత్రికలో ఈ సంగతి రాస్తున్నానని నవ్వుకోకండి. మీడియం మార్చమని చెప్పడం లేదు. ఆ నిర్ణయం వల్ల పిల్లాడు పడ్డ ఇబ్బందీ తక్కువేం కాదు. పదకొండేళ్లకు కలకత్తా వచ్చి, కొద్ది రోజులు హేర్ స్కూల్లో ఉండి, సెయింట్ జేవియర్స్‌లో చేరాడు. తోటివాళ్లలో చాలామంది ఇంగ్లిష్ వాళ్ల పిల్లలు. ఇతనికి ఆ భాష సరిగా రాదు. ఏడిపించారు. చివరికి బాక్సింగ్‌లో ఆరితేరిన ఒక కుర్రాడితో తలపడి, దెబ్బలు తిని, గెలిచాడు. అప్పటి నుంచి జోలికి రాలేదు.

సెలవుల్లో ఇంటికి వెళ్తే అక్కడ వేరే బడి ఉండేది. తండ్రికి బర్ద్వాన్‌కు బదిలీ అయింది. ఆ ప్రాంతంలో జ్వరాలు ప్రబలి ఎంతోమంది పిల్లలు అనాథలయ్యారు. వాళ్లకు పని నేర్పడానికి ఆయన తన ఆవరణలోనే వడ్రంగం, లోహపు పని, పోత పని నేర్పే వర్క్‌షాపులు పెట్టించారు. జగదీశ్ సెలవులన్నీ అక్కడే. ఇంట్లో పాత ఇత్తడి గిన్నెలు అమ్మను అడిగి తీసుకుని, మేస్త్రీ సాయంతో వాటిని కరిగించి ఒక చిన్న ఫిరంగి పోయించాడు. పాతికేళ్ల తర్వాత తన పరికరాలు తానే తయారు చేయించుకోవాల్సి వచ్చినప్పుడు ఆయనకు పనికొచ్చింది ఈ చదువే అని నా అభిప్రాయం. దీనికి మార్కులు వేసినవాళ్లు లేరు.

సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లాఫాన్ ప్రయోగాలు చేసి చూపిస్తూ ఫిజిక్స్ చెప్పేవారు. డిగ్రీ అయ్యాక జగదీశ్ ఇంగ్లండ్ వెళ్లి ఐసీఎస్ రాద్దామనుకున్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. తానే ప్రభుత్వ అధికారి అయినా, కొడుకు ఇంకొకరిని ఏలే ఉద్యోగం చేయకూడదని, చదువుకున్నవాడిగా ఉండాలని ఆయన పట్టుదల. చివరకు మెడిసిన్‌కు సరే అన్నారు. అప్పటికి తండ్రి అప్పుల్లో ఉన్నారు. ప్రజలకు మేలు చేయాలని పెట్టిన వ్యాపారాలు నష్టపోయాయి. మొదట సముద్ర ప్రయాణం వద్దన్న తల్లి తర్వాత తన నగలు అమ్మైనా పంపుతానన్నారు. 1880లో లండన్‌లో మెడిసిన్‌లో చేరారు. జ్వరం వదల్లేదు, శవాల గదిలోని వాసనకు అది ఇంకా ముదిరింది. ఏడాదిలోపే మెడిసిన్ మానుకోక తప్పలేదు.

ఇంత ఖర్చు పెట్టి పంపిన కోర్సు మధ్యలో వదిలేస్తే ఇప్పుడైనా ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించగలం. జగదీశ్ కేంబ్రిడ్జ్‌కు మారి సైన్స్ తీసుకున్నారు. అక్కడ లార్డ్ రాలీ గురువుగా దొరికారు. 1884లో కేంబ్రిడ్జ్, లండన్ యూనివర్సిటీల డిగ్రీలతో పూర్తి చేసి, మర్నాటి ఏడు కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు.

యూరోపియన్ ప్రొఫెసర్‌కు ఇచ్చే జీతంలో భారతీయుడికి మూడింట రెండు వంతులే. తాత్కాలిక నియామకం పేరుతో అందులోనూ సగమే ఇస్తామన్నారు. ఆయన గొడవ పడలేదు, ఉద్యోగం మానలేదు. రోజూ వెళ్లి పాఠం చెప్పి, జీతం మాత్రం ముట్టుకోలేదు. ఒక నెల కాదు, మూడేళ్లు. ఆ మధ్యలోనే, 1887లో, అబలా దాస్‌తో పెళ్లయింది. ఆమె మద్రాసులో మెడిసిన్ చదివి, ఆరోగ్యం సహకరించక ఆపేసిన మనిషి. ఇద్దరూ హుగ్లీ నదికి అవతల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆయన చిన్న పడవలో నది దాటి కాలేజీకి వెళ్తే, ఆమె పడవ నడుపుకుంటూ వెనక్కి వెళ్లి, సాయంత్రం మళ్లీ తీసుకురావడానికి వచ్చేవారట. చివరికి కాలేజీయే దిగొచ్చి, పూర్తి జీతం లెక్కగట్టి మూడేళ్ల బాకీ ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకు పోయింది.

ఇప్పుడు మన కారు దగ్గరికి వద్దాం. కనిపించని విద్యుత్ తరంగాలు గాలిలో ప్రయాణిస్తాయని జర్మనీలో హెర్ట్జ్ 1887, 88 ప్రయోగాల్లో చూపించారు. ఆయన 1894 మొదట్లో చనిపోయారు. ఆ పని గురించి ఆలివర్ లాడ్జ్ రాసినది చదివిన బోస్, అదే ఏడు తన 36వ పుట్టినరోజున పరిశోధన మొదలుపెట్టాలని తీర్మానించుకున్నారు. కాలేజీలో ల్యాబ్ లేదు. బాత్రూమ్ పక్కన సుమారు 24 చదరపు అడుగుల గది దొరికింది. పరికరాలు చేయడానికి ఒక రేకుల పనివాణ్ణి కుదుర్చుకుని, తన డబ్బుతో, తానే పని చెప్పి చేయించుకున్నారు.

అంత చిన్న గదిలో హెర్ట్జ్ చేసినట్టు చేయడం కుదరదు. హెర్ట్జ్ తరంగాల పొడవు మీటర్లలో మొదలై, ఎంత తగ్గించినా 66 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. తరంగం పొడవైతే దాన్ని వంచే పట్టకం కూడా పెద్దదిగా ఉండాలి. హెర్ట్జ్ కీలుతో పోయించిన పట్టకం అరటన్నుకు పైగా బరువు తూగింది. బోస్ దానికి ఎదురు దారి పట్టారు. పరికరం కాదు, తరంగాన్నే చిన్నది చేశారు. అయిదు మిల్లీమీటర్ల దాకా తగ్గించారు. దాంతో ప్రయోగం మొత్తం ఒక టేబుల్ మీదికి వచ్చింది.

మీ పిల్లల మాడ్యూల్‌లోనూ ఈ లెక్కే ఉంది. బోర్డు చివర వంకరటింకరగా ఒక రాగి గీత కనిపిస్తుంది, అదే యాంటెన్నా. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు మూడు సెంటీమీటర్లు. ఆ గీతను మడిస్తే వేలి చివర సరిపోతుంది. బోస్ వాడిన అయిదు మిల్లీమీటర్ల తరంగం ఇప్పటి లెక్కలో 60 గిగాహెర్ట్జ్. మనం అంత పైకి వెళ్లి వాడుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

అవసరమైనవి ఎక్కడ దొరికితే అక్కడ తీసుకున్నారు. తరంగం ఏ దిశలో ఊగుతోందో తేల్చడానికి బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి వాడారు. అది ఒక దిశలో ఊగే తరంగాన్ని పోనిచ్చి, ఇంకో దిశలో ఊగేదాన్ని ఆపేది. మెలి తిప్పిన జనపనార కట్టలతో ఆ దిశ తిరగడాన్ని చూపించారు. నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ను, బ్యాటరీని లోహపు పెట్టెలో బిగించారు, పక్కకు తరంగాలు కారకుండా. ఇది ఇంట్లోనే చూడొచ్చు. కారు మాడ్యూల్‌ను స్టీలు డబ్బాలో పెట్టి మూత గట్టిగా వేస్తే ఫోన్‌తో సంబంధం తెగిపోతుంది, లేదా బాగా బలహీనపడుతుంది.

ఎక్కువ కష్టపెట్టింది మాత్రం రిసీవర్. అప్పటి రిసీవర్లలో లోహపు పొడి ఉండేది. తరంగం తగిలితే కరెంటు పోనిచ్చేది, తర్వాత తట్టి మళ్లీ మామూలు స్థితికి తేవాలి. నమ్మడానికి లేదు. బోస్ పొడి తీసేసి సన్నని ఉక్కు స్ప్రింగులు వరుసగా పేర్చి, ఎంత నొక్కుకోవాలో మరతో సరిచేసుకునేలా మార్చారు. మా ల్యాబ్‌లోనూ పంపే వైపు ఎవరికీ ఇబ్బంది రాదు. ఫోన్‌లో యాప్ ఉంటుంది, నొక్కితే చాలు. ఆగేది అందుకునే వైపే. మాడ్యూల్ టీఎక్స్ బోర్డు ఆర్‌ఎక్స్‌కు వెళ్లాలి, పిల్లలు టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలుపుతారు. ఆర్డినో యూనో అయిదు వోల్టులు ఇస్తుంది, మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు 3.3 చాలు, మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టాలి. గ్రౌండ్ కలపడం మరిచిపోతారు. 0, 1 పిన్నులకు మాడ్యూల్ తగిలించి ఉంచితే కోడ్ అప్‌లోడ్ కాదు, తీసి మళ్లీ పెట్టాలి. యూట్యూబ్ చూసి పది నిమిషాల్లో కట్టిన కారు రెండు రోజులు కదలదు. ఆ రెండు రోజుల్లోనే ఇంటి నుంచి మాకు ఫోన్లు వస్తాయి, ఎవరితోనైనా చేయించి ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వొచ్చు. ఆ రెండు రోజులూ పోతాయి.

1895లో కలకత్తా టౌన్ హాల్‌లో బోస్ అందరి ముందూ ప్రయోగం చేశారు. తరంగం గోడల్లోంచి, అక్కడున్న లెఫ్టినెంట్ గవర్నర్ శరీరంలోంచి కూడా దాటి, సుమారు 75 అడుగుల అవతల గంట మోగించింది, తుపాకీ మందు పేల్చింది. 75 అడుగులంటే మన పిల్లల బ్లూటూత్ కారు పోయే దూరానికి రెండింతల పైచిలుకు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆ టేబుల్ పరికరాలన్నీ చూపించారు. పెద్ద శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు.

మార్కోనీ అప్పటికే అదే ఊళ్లో ఉన్నారు. ఆయన ధ్యాస దూరం మీద, తంతివార్తల మీద, పేటెంటు మీద, కంపెనీ మీద. బోస్ ధ్యాస తరంగం స్వభావం మీద. ఇనుము, పాదరసంతో చేసిన ఒక రిసీవర్ గురించి బోస్ 1899లో రాయల్ సొసైటీకి రాశారు. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటి సంకేతం అందుకున్నప్పుడు వాడింది దాన్ని పోలిన రిసీవరే. అది బోస్‌దేనని తర్వాతి పరిశోధకులు వాదించారు. అదే ఏడు ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని లండన్‌లో బోస్ దగ్గరికి వచ్చి, వివరాలు బయటపెట్టొద్దని, పేటెంటు తీసుకుంటే లాభంలో వాటా ఇస్తానని బతిమాలారు. బోస్ ఒప్పుకోలేదు. జ్ఞానం అమ్ముకునేది కాదని ఆయన నమ్మకం. స్నేహితుల ఒత్తిడి మీద గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్‌కు అమెరికాలో పేటెంటు దరఖాస్తు వెళ్లింది, 1904లో మంజూరైంది. దాని నుంచి డబ్బు తీసుకోకుండా అలాగే గడువు ముగియనిచ్చారు.

ఇది సరైన పనేనా అంటే నాకు ఇప్పటికీ సందేహమే. ఆ డబ్బుతో ఆయన ల్యాబ్ ఎన్నో ఏళ్లు ముందే నిలబడేదేమో. సొంత ల్యాబ్ కోసం ఆయన 1917 దాకా ఆగాల్సి వచ్చింది. పిల్లలకు మాత్రం రెండు వైపులా చెబుతాను, తేల్చుకోవడం వాళ్లకే వదిలేస్తాను. తొమ్మిదో తరగతి వాళ్లు దీని మీద బాగా పోట్లాడుకుంటారు.

1900 తర్వాత బోస్ వైర్‌లెస్ పక్కన పెట్టేశారు. రిసీవర్ ఎక్కువసేపు వాడితే అలసినట్టు మందగించడం, కాసేపు వదిలేస్తే కోలుకోవడం ఆయన గమనించారు. ఆ అలసట వెంటే వెళ్లి మొక్కల దగ్గర తేలారు. మొక్క పెరుగుదలను వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ చేశారు. 1917 నవంబర్ 30న, తన 59వ పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. 1920లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1937 నవంబర్ 23న, 79 నిండడానికి వారం ముందు, గిరిడీలో కన్నుమూశారు. అబలా బోస్ ఆడపిల్లల చదువు కోసం, వితంతువుల కోసం జీవితాంతం పనిచేశారు. ఆమె గురించి వేరేగా రాయాలి.

కోల్‌కతా వెళ్లే పని పడితే ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులో ఉన్న బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం పిల్లలకు చూపించండి. ఆయన వాడిన పరికరాలు అక్కడ ఉన్నాయి. ముందుగా ఫోన్ చేసి సమయాలు కనుక్కుని వెళ్లడం మంచిది.