లియొనార్డు ఆయిలరు

మన పాఠశాల బాలబాలికలు విరామ సమయమున వార్తాపత్రికలలోని సుడోకు గడులను నింపుచుండుట మేము పలుమాఱు చూచియున్నాము. సులభమైన దానిని వారు వేగముగా ముగింతురు. కఠినమైనది వచ్చినప్పుడు మాత్రము కొందఱు ఊహించి యొక యంకెను వేసి, పిదప తప్పని తెలిసికొని, కాగితము చినుఁగునట్లు తుడుతురు. ఊహ వేఱు, నిరూపణము వేఱు. ఈ భేదమును తన జయమునను పొరపాటునను గూడ మనకు నేర్పిన గణితవేత్త చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెలు పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ సంఘకాపరి; తల్లియు కాపరి కుమార్తెయే. తొలి గణితపాఠములను తండ్రియే చెప్పెను. 13వ యేఁట బాలుఁడు విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటి గణితాచార్యుఁడగు యోహాను బెర్నూలీ అతనికి కఠిన గ్రంథములను తెలిపి, వానిని తానే చదువుకొనుమని చెప్పి, శనివారము మధ్యాహ్నములందు సందేహములను మాత్రము తీర్చుచుండెను. కుమారుఁడు తనవలె కాపరి కావలెనని తండ్రి కోరెను గాని, బెర్నూలీ నచ్చఁజెప్పఁగా గణితమునకే విడిచెను.

ఆయిలరు 1727లో రష్యా దేశపు సెంటు పీటర్సుబర్గు విద్వత్పరిషత్తున చేరి, 1733లో అచ్చట గణితాచార్యుఁడాయెను. మఱుసటి యేఁట వివాహమాడెను. కలిగిన 13 మంది బిడ్డలలో శైశవము దాఁటినవారు 5గురు మాత్రమే. 1738లో కుడికంటి చూపు దాదాపుగా పోయెను. 1741లో బెర్లినునకు వెళ్లి 25 సంవత్సరములు పనిచేసెను. అచ్చటి రాజగు ఫ్రెడరికు ఈ భక్తుని ఒంటికన్నును గూర్చి పరిహసించెను. ఆయన మాత్రము తన పనిని మానలేదు. అవిశ్వాసుల వాదములకు ప్రత్యుత్తరముగా దైవప్రకటనను సమర్థించుచు 1747లో నొక గ్రంథమును ప్రకటించెను.

1766లో ఆయన మరల రష్యాకు వచ్చెను. త్వరలోనే ఎడమకంటికి శుక్లము క్రమ్మెను. 1771లో శస్త్రచికిత్స జరిగినను చూపు నిలువలేదు. ఆ యేఁటనే అగ్నిప్రమాదమున ఇల్లు కాలిపోయెను. బాజెలు వాసియగు నొక పనివాఁడు మంటలలోఁ జొచ్చి ఆయనను బయటికిఁ దెచ్చెను. 1773లో భార్య మరణించెను. ఇన్ని కష్టములలోను ఆ యంధుఁడు లెక్కలను మనస్సుననే కట్టి, కుమారులచేతను శిష్యులచేతను వ్రాయించుచుండెను. ఆయన రచనలు 850కి మించియున్నవి. వానిలో దాదాపు సగము ఈ కాలమునకే చెందినవి.

అట్లు చీఁకటిలో నుండియే 1779లో ఆయన పరిషత్తు నెదుట నొక సమస్యను బెట్టెను. ఆ వ్యాసము 1782లో అచ్చయ్యెను. 6 పటాలముల నుండి 6 హోదాలకు చెందిన సేనాధికారులు 36 మంది గలరు. ప్రతి యడ్డువరుసయందును ప్రతి నిలువువరుసయందును ప్రతి పటాలమువాఁడొకఁడును ప్రతి హోదావాఁడొకఁడును ఉండునట్లు వారిని నిలుపవలెను. హోదాలను మాత్రమే లేక పటాలములను మాత్రమే చూచిన యెడల పని సులభము. 1 2 3, 2 3 1, 3 1 2 అని మూఁడు వరుసలు వ్రాసి చూడుఁడు. ఏ యంకెయు ఏ వరుసయందును రెండుమాఱులు రాదు. ఇదియే లాటిను చతురస్రము. రెంటిని ఒక్కమాఱే అమర్చుటయే కష్టము. 36 మందిని అట్లు నిలుపరాదనియు, 10, 14 మొదలుగా 4చే భాగింపఁగా 2 మిగులు సంఖ్యలన్నిటికిని అంతేయనియు ఆయన తలంచెను. కాని పూర్ణమైన నిరూపణము తనకు లేదని ఒప్పుకొనెను.

1900వ సంవత్సర ప్రాంతమున టారీ అను ఫ్రెంచివాఁడు 6 విషయమున ఆయన మాట నిజమని స్థాపించెను. తక్కినది మాత్రము తప్పని 1959, 1960 సంవత్సరములలో బోసు, శ్రీఖండే, పార్కరు అను మువ్వురు నిరూపించిరి. వీరిలో మొదటి యిద్దఱు భారతీయులు. 2, 6 తప్ప తక్కిన సంఖ్యలన్నిటికిని అట్టి అమరిక సాధ్యమే.

సుడోకును ఆయిలరు కల్పింపలేదు. చిన్న పెట్టెల నియమముతోఁ గూడిన ఆ యాట 1979లో అమెరికాలో అచ్చయి, 1984లో జపానుకు చేరి, అచ్చటనే ఆ పేరు పొందెను. కఠినమైన గడికి తర్కమే తాళపుచెవి. ఒక యడ్డువరుసలో 5 రెండు గదులలోనే పట్టుననుకొనుఁడు. మఱియొక యడ్డువరుసలోను సరిగా ఆ రెండు నిలువువరుసలందే పట్టుననుకొనుఁడు. పై వరుసలో అది ఎడమనుండినచో క్రింది వరుసలో కుడినుండవలెను. పైన కుడినుండినచో క్రింద ఎడమనుండవలెను. ఎట్లైనను ఆ రెండు నిలువువరుసల 5లును ఈ యడ్డువరుసలకే చెల్లినవి. కావున ఆ నిలువువరుసలలోని తక్కిన గదులనుండి 5ను నిస్సంశయముగా కొట్టివేయవచ్చును. ఏది నిజమో తెలియకయే సత్యమును పట్టుకొంటిమి, ఊహతో పనిలేదు.

ఆయిలరు ప్రతిసాయంకాలము ఇంటివారిని కూర్చి వాక్యమును చదివి ప్రార్థించుచుండెను. 1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన, క్రొత్తగా కనుఁగొనఁబడిన యురేనసు గ్రహమార్గమును గూర్చి మాటలాడిన పిదప, హఠాత్తుగా మూర్ఛిల్లి, 76వ యేఁట తన ప్రభువును చేరెను.

ప్రియ విద్యార్థులారా, అంత గొప్పవాని తలంపును తప్పు కావచ్చును. అందువలన ఆయన కీర్తి తగ్గలేదు, ఏలయన తలంపును తలంపనియే ఆయన చెప్పెను. పరీక్షాపత్రమునందైనను, జీవితమందైనను, తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుఁడు. కన్నులు గల మనము ఆ కన్నులు లేనివాని ఓర్పులో కొంతయైనను నేర్చుకొందము గాక.